వెనకాల ‘రానీ, రానీ’ అనేవాళ్ళు లేకుండా: హౌటన్ లేక్‌లో చక్రాల ఇల్లు ఎంచుకున్న రోజు

మంచు కురిసే మా ట్రాయ్ ఊళ్ళో పదకొండు చలికాలాలు తిట్టుకుంటూనే గడిపాను. 2012 ఫిబ్రవరిలో ఆఫీస్ స్నేహితురాలు ఒకామె గడ్డకట్టిన సరస్సు మీదున్న తన చక్రాల ఇంట్లోకి పిలిచింది. కారు వెనక ట్రైలర్‌లా లాక్కెళ్ళి, చక్రాలు పైకెత్తేస్తే ఇల్లు మంచు మీద చదునుగా కూర్చుంటుంది. నేలలో ఉన్న మూతలు తీసి, కింద మంచుకు రంధ్రం చేసి, హీటర్ పక్కన కూర్చుని గాలం వేయడమే. చలికాలం అయిపోతుందేమోనని నేను దిగులుపడటం అదే మొదటిసారి. అలాంటిదొకటి కొందామని ఆ డిసెంబర్‌లో బయల్దేరాం. చిక్కల్లా జనవరి నుంచి మా ఆయన శ్రీధర్‌కి మూడు నెలలు మెక్సికో ప్లాంట్‌లో పని. "నువ్వొక్కదానివే కారుకి హిచ్ చేసి డ్రైవ్ చేయగలిగితే కొందాం. లేకపోతే నెక్స్ట్ ఇయర్ చూద్దాంలే" అన్నాడు. అంటే నాకు మరో చలికాలం కిటికీ పక్కనే అన్నమాట.

ఉదయం ఏడింటికి బయల్దేరి I-75 హైవే మీద ఉత్తరానికి, వెస్ట్ బ్రాంచ్ దాటాక M-55 మీద పడమరకి వెళ్ళాం. హౌటన్ లేక్‌కి రెండున్నర గంటల దారి. రెస్ట్ ఏరియాలో పులిహోర తినడానికి ఇంకో పావుగంట వేసుకోండి. మా ఎస్‌యూవీ లాగగలిగేది ఐదువేల పౌండ్లు. ట్రైలర్ తగిలించే హిచ్, లైట్ల వైరింగ్ ముందే ఉన్నాయి, ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్ మాత్రం అంతకుముందు వారమే పెట్టించాం.

అమ్మే ఆవిడ పేరు డోరిస్. డెబ్భై దాటాయి. భర్తతో కలిసి ఇలాంటి ఇళ్ళు కట్టి అమ్ముతుంది. పెరట్లో రెండున్నాయి. పెద్దది ఇరవై ఒక్క అడుగుల పొడవు, రెండు ఇరుసులు, ఆరు రంధ్రాలు, నాలుగు పడకలు, ఓవెన్ కూడానూ. దేవదారు పలకల గోడలు సందు లేకుండా బిగించిన తీరు చూసి నేను అక్కడే నిలబడిపోయాను. శ్రీధర్ అప్పటికే ఊహలో అందర్నీ విందుకి కూర్చోబెట్టేస్తున్నాడు. "మన గ్యాంగ్ మొత్తం పడతారు. బిర్యానీ గిన్నె ఇక్కడ పెట్టుకోవచ్చు."

మనవాళ్ళు ఏది కొన్నా వచ్చేపోయేవాళ్ళని లెక్కపెట్టే కొంటారు. దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. ఆ ఇల్లు ఖాళీగానే నాలుగువేల ఐదువందల పౌండ్లట. గ్యాస్ సిలిండర్లు, సామాను, ఆ బిర్యానీ గిన్నె ఎక్కితే మా బండి చేతులెత్తేస్తుంది. ఇంటిని దించి ఎత్తే పిడి తిప్పబోతే నాకు సగం కూడా తిరగలేదు.

రెండోది పన్నెండు అడుగులు, ఒకే ఇరుసు, నాలుగు రంధ్రాలు, మడిచిపెట్టే పడకలు రెండు. ఖాళీ బరువు రెండువేల నాలుగువందలు. పిడి తిప్పితే ఇల్లు బుద్ధిగా కిందికి దిగింది, మళ్ళీ లేచింది. బరువైన సామాను ఇరుసుకి ముందువైపే సర్దమంది డోరిస్, వెనక బరువెక్కితే రోడ్డు మీద తోక ఊపుతుందట.

"ఎవరు లాగుతారు?" అని అడిగింది.

"నేను" అన్నాం ఇద్దరం ఒకేసారి.

డోరిస్ నా వైపు చూసి, "అయితే తగిలించు" అంది.

నేను రివర్స్ గేర్ వేయగానే శ్రీధర్ వెనక్కి పరిగెత్తాడు. "రానీ, రానీ... లెఫ్ట్ కొట్టు... ఇంకొంచెం రానీ" అంటూ కారు వీపు మీద చరుస్తున్నాడు. మా నాన్న, మా బాబాయిలు అందరూ ఇలాగే చరిచేవాళ్ళు. వెనక ఎవరూ లేకుండా బండి వెనక్కి తీయడం నాకు అసలు తెలియదని అప్పుడు అర్థమై భయం వేసింది.

మెక్సికో సంగతి ఫోన్‌లో ముందే విన్న డోరిస్ అతని భుజం తట్టి, "మంచు మీద ఈమెకు నువ్వు దొరకవు. లోపల కాఫీ ఉంది, రా" అని తీసుకుపోయింది.

మొదటిసారి జానెడు దూరం పక్కకి పోయాను. రెండోసారి దిగి చూసుకుని, ఎక్కి, మళ్ళీ దిగాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక అద్దాల్లో చూడటం మానేసి వెనక కెమెరాలో హిచ్ బంతినే చూస్తూ అంగుళం అంగుళం జరిపాను. పిడి తిప్పి ట్రైలర్ ముక్కు దించితే బంతి మీద టక్కున కూర్చుంది. గొలుసులు తగిలించి, వైరు గుచ్చి, డోరిస్ ఇంటి తలుపు కొట్టాను.

డోరిస్ వచ్చి వంగి చూసింది. అలవాటుగా శ్రీధర్ చెయ్యి చాపాడు. ఆవిడ చిన్న ఇంటి రెండు తాళంచెవులూ నా చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో అరవై మైళ్ళ వేగం దాటకుండా నేనే నడిపాను. బండి పెట్రోలు దాదాపు రెట్టింపు తాగింది. ఫ్లింట్ ఊరి దగ్గర శ్రీధర్ నెమ్మదిగా అడిగాడు. "ఫిబ్రవరిలో ఒక వీకెండ్ ఫ్లైట్ బుక్ చేసుకుంటే, రెండో బెడ్ ఖాళీగా ఉంటుందా?"

"ముందు ఫోన్ చేసి రా" అన్నాను.

పెద్ద ఇల్లు అందమైనదే, దాన్ని కట్టిన చేతులకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. కానీ దాన్ని కొనుంటే నా చలికాలం ఎవరో ఒకరి సెలవు కోసం ఎదురుచూస్తూ ఉండేది. ఇల్లంటే ఎంతమంది పడతారన్నదే అనుకుంటూ పెరిగాను. నేనొక్కదాన్నే వెళ్ళగలిగే ఇల్లు ఒకటి ఉండొచ్చని నాకెవరూ చెప్పలేదు.

కొనేముందు ఒక పని చేయండి. మీతో వచ్చినవాళ్ళని లోపల కాఫీకి పంపేసి, ఇంటిని ఒంటరిగా దించి, ఎత్తి, తగిలించి చూడండి. తలుపు కొట్టి వాళ్ళని మీరే బయటికి పిలవగలిగితే, అదే మీ సైజు.