ఇప్పుమంటేనే ఇప్పిన

ఆ రోజుల్లో నాకు రెండు భాషలుండేవి. సుల్తానాబాదులో అవ్వతో, బాపుతో మాట్లాడేది ఒకటి; పట్నంలో డిప్లొమా చదివి తెచ్చుకున్నది రెండోది. రెండోదాన్ని ఇస్త్రీ చొక్కాలాగా బయటికి వెళ్ళినప్పుడే తొడుక్కునేవాణ్ణి. (చెమట పట్టినా విప్పేవాణ్ణి కాదు, అదీ నా పౌరుషం!) ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళయి ఉంటుంది. మంచిర్యాల అవతల బొగ్గుగని వర్క్‌షాపులో పరీక్షల అసిస్టెంటుగా చేరాను. నేనెక్కడివాణ్ణో అక్కడెవరికీ చెప్పలేదు.

బొగ్గు మోసుకుపోయే బెల్టు మీద పెద్ద అయస్కాంతం వేలాడదీయాలి. బొగ్గులో కలిసిన మేకుల్ని, విరిగిన గడ్డపార ముక్కల్ని అది లాగేస్తుంది. దాన్ని మోసే ఇనుప చట్రాన్ని నాలుగు బోల్టులతో పైదూలానికి బిగించారు. కింద మనుషులు తిరుగుతారు కాబట్టి, ముందుగా దానికి రెట్టింపు బరువు ఇసుక బస్తాలు వేలాడదీసి, సుత్తి దెబ్బలకు చట్రం ఎంత కదులుతుందో చూడాలి. ఆ చట్రం చేసింది మా ఫిట్టరు తాత. ఇంకో నెలలో రిటైరవుతాడు. "గిది నా ఆఖరి పని సారూ. మంచిగ నిలబడ్డదనిపించుకొని ఇంటికి పోత" అంటూ ఆ ఇనుమును మాటిమాటికీ నిమిరేవాడు.

పరీక్ష రోజు పొద్దున్నే తాతకు ఉపన్యాసమిచ్చాను. "నేను సంకేతం ఇవ్వగానే మీరు తాడనం చేయాలి." తాత బుద్ధిగా తలూపి, సుత్తితోపాటు నట్లు తిప్పే పానా కూడా పట్టుకొని నిచ్చెనెక్కాడు. (తాడనమంటే కొట్టడం; తాడుతో ఏదో పని అనుకున్నాడట పాపం.) పైన దూలం వెనక ఆయన, కింద కొలత ముల్లు ముందు నేను, మధ్యలో చెవులు పగిలే మోటారు రొద. గొంతు చించుకొని అరిచాను: "ఇప్పుడు!"

ముల్లు కదిలింది. మళ్ళీ "ఇప్పుడు!" అన్నాను. ఇంకాస్త కదిలింది. ఆరోసారికి ఎర్రగీత దాటేసింది. అమ్మో! భయమేసింది గానీ, నిజం చెప్పొద్దూ, లోపల సంతోషం కూడా. కొత్తవాణ్ణి, తప్పు పట్టేశాను కదా! "చట్రం పనికిరాదు" అని రాసి పెద్ద సారుకు కబురు పంపాను.

ఆయన వచ్చి, మోటారు ఆపించి, కాగితం చదివారు. "ముసలాయన చెయ్యి పోయిందన్నమాట!"

తాత నిచ్చెన దిగుతూ ఆ మాట విన్నాడు. మొహం నల్లబడింది. "నా చెయ్యి పోలే సారూ. ఇంక రెండు చుట్లు తిప్పితే నట్టే ఊడుతుండె. బరువు మీద గిట్ల ఇప్పిచ్చుడేందని నేనే పరేషానైన. సదువుకున్న సారు, ఏదో లెక్క ఉంటదనుకున్న."

"ఎవరు విప్పమన్నారయ్యా?"

"గీ చిన్న సారే! ఇప్పు, ఇప్పు అని ఆరుసార్లు ఒర్లిండు. ఇప్పుమంటేనే ఇప్పిన."

"చెవులు కూడా పోయాయి! ఇంకో నెల దాకా ఎందుకు, రేపటినుంచే ఇంట్లో కూర్చో" అన్నారు పెద్ద సారు.

తాత సుత్తి, పానా నేల మీద పక్కపక్కనే పెట్టాడు. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. "తప్పు నాది సార్. నేను ఇప్పుడు అన్నాను. రొదలో చివరి అక్షరం పోయింది. ఇప్పు అంటే మా దిక్కు విప్పు అని" అంటూ, నెత్తి కొట్టుకొని, "అయ్యో, గిప్పుడు అనన్న అనకపోతి!" అనేశాను.

తాత నన్ను తేరిపార చూశాడు. "సారూ, మీదే ఊరు?"

"సుల్తానాబాద్."

"ఓరి, మనోనివేనా! మరి గిన్ని దినాలు గా రేడియో మాటలెందుకు బిడ్డా?"

పెద్ద సారుకు నవ్వాగలేదు. నా కాగితం చింపేసి, "తాతా, పానా తీసుకో" అన్నారు. నట్లన్నీ బిగించి, మోటారు వేసి, మళ్ళీ మొదలుపెట్టాం. "గిప్పుడు!" అన్నాను. పైన సుత్తి దెబ్బ పడింది. ముల్లు సన్నగా వణికి ఉన్నచోటికే వచ్చింది. పదిసార్లు కొట్టినా అంతే. అయస్కాంతం ఎక్కిన రోజు తాత దాన్ని కిందినుంచి చాలాసేపు చూసి, కండువా దులిపి భుజానేసుకొని ఇంటికి పోయాడు.

ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా నా నోట ఇప్పుడు అన్న మాట ఒంటరిగా రాలేదు. "తాతా, గిప్పుడేంటి?" అని మనవరాలు పడీపడీ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. అవ్వ ఇచ్చిన ఆ ఒక్క అక్షరం దాచిపెట్టి, ఒక పెద్దమనిషి చేతిపనికి చెడ్డపేరు తేబోయానని ఆ పిల్లకు ఎట్ల చెప్పాలె?