కొండ కింద ఉండిపోయినవాళ్ల పేర్లు

ఫోనులో ఎక్కడిదో కొండ విరిగిపడిన వీడియో చూసి, తమిళ సీమలో ధర్మపురి దగ్గర మా ఊరి బండలగుట్ట గుర్తొచ్చింది.

ఎనభైలలో మీ అవ్వలు కూడా కొండకు రాగిముద్దలు పెట్టేవాళ్లా? మా అవ్వ ఏటా ఆడి నెలలో ఆ గుట్ట ముందు ఆకులు పరిచి, ఒక్కో ముద్దకు ఒక్కో పేరు చెప్పేది. దాహానికి నీళ్లివ్వలేదని కొండమ్మ అలిగి అప్పటి ఊరి మీద కూర్చుందట. పిండి విసురుతున్న ఆడవాళ్లు ఆ కిందే ఉండిపోయారట.

"ఉత్త కథేలే అవ్వా" అనేదాన్ని.

"కథైతే ఇందరి పేర్లెందుకమ్మే? ముందు పేర్లు నేర్చుకో, ముద్ద అప్పుడిస్తా."

నా చూపంతా ముద్ద మీదే ఉండేది.

అవ్వ పోయాక కరువొచ్చింది. గుట్ట పక్కన నాయన బావి తవ్విస్తే, బండల అడుగున విసుర్రాయి దొరికింది. వాడివాడి నున్నగా అరిగిపోయి ఉంది. పనివాళ్లు పలుగులు దించేశారు. నాయన రాయిని కడిగి, అమ్మ చేత ముద్దలు చేయించి తెచ్చినాడు.

"పేర్లు చెప్పమ్మే. అవ్వ ఎనకాల గుట్టకు పోయినదానివి నువ్వే కదా."

మంగమ్మ అన్నాను. చెన్నమ్మ అన్నాను. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు.

నాయన మిగిలిన ముద్దలను పేరు లేకుండానే పెట్టాడు.