ఖాళీ ఊళ్లో పొగ

ఆ రోజుల్లో నాకు ఆదివారమంటే భయం. అందరూ వారమంతా ఆదివారం కోసం ఎదురుచూస్తుంటే, నాకు శనివారం సాయంత్రం నుంచే గుండె బరువెక్కేది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పనికి కుదిరాను. నా పని వెనక జోబీలు కుట్టడం, అంతే. (దేశంలో ఎంతమంది నా పనితనం మీద కూర్చున్నారో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.) మిషన్ల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. వారమంతా చేతులతో, కళ్లతోనే మాట్లాడుకునేవాళ్లం. ఆదివారం తెల్లారేసరికి గదిలో నాతో ఉండే వాళ్లంతా బస్సులెక్కి వాళ్ల ఊళ్లకు పోయేవాళ్లు. మా ఊరు రాప్తాడు అవతల. పోయి రావడానికే పొద్దు చాలదు. అందుకని గదిలో నేను, గోడ మీద బల్లి మిగిలేవాళ్లం. అది కూడా పలికేది కాదు.

అలాంటప్పుడు మా ఓనరు దగ్గర నాకో సైకిల్ దొరికింది. ఆయన కొడుకు మోజుపడి కొనిపించుకున్న లావు టైర్ల గేర్ సైకిల్ అది. ఆ అబ్బాయి బెంగళూరుకు చదువుకు పోయాక గోడౌన్లో అడ్డంగా పడి ఉండేది. "ఏమప్పా, ఈ దయ్యాన్ని తీస్కపో, కాళ్లకు అడ్డం పడుతాండాది" అన్నాడాయన. గేర్లు చాలా ఉన్నాయి గానీ పనిచేసేది ఒక్కటే, గుట్టలెక్కే గేరు. చదును రోడ్డు మీద నా కాళ్లు కుట్టుమిషన్ లాగా గిర్రున తిరిగేవి, సైకిల్ మాత్రం నత్తలాగా పాకేది. బడిపిల్లలు నడుచుకుంటూ వచ్చి నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసేవాళ్లు.

ఆ చూపులు తప్పించుకోవడానికే గాలిమరల దారులు పట్టాను. మా వైపు గుట్టల మీద గాలిమరలు పెట్టేటప్పుడు ఆ పెద్ద రెక్కలు పైకి చేర్చడానికి కంకర దారులు వేశారు. పని అయిపోయాక వాటి మీద తిరిగే మనిషి లేడు. గుట్ట మీద నుంచి గుట్ట మీదకు, ముళ్లకంపల మధ్య, ఎర్రగా, ఎవరి కోసమో తెలియకుండా ఆ దారులు పోతూనే ఉంటాయి. టైరు కింద కంకర కరకరమంటుంటే, పైన రెక్కలు గుయ్‌మంటుంటే, నేను ఆ గాలిమరలతో మాట్లాడుకుంటూ పోయేవాణ్ణి. జీతం పెంచమని కూడా అడిగాను. ఏం చెప్పినా పట్టించుకోకుండా వాటి పాటికి అవి తిరిగేవి, అచ్చం మా మేస్త్రీ లాగానే.

ఒక దారి గుట్ట దిగి చిన్న ఊళ్లో కలిసేది. ఊరి మొదట్లోనే ఒక అవ్వ ఇల్లు. మొదటిసారి దాహమేసి సైకిల్ మీద నుంచే నీళ్లడిగాను. "నీళ్లడిగేటోడు ముందు దిగాల. గుర్రమెక్కొచ్చిన దొర మాదిరి కూచోని అడుగుతాండావే!" అని కసిరింది. దిగాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం దిగాను. అవ్వ మజ్జిగ పోసేది, తిట్టేది. సైకిల్‌ను తిట్టేది, నా చిరిగిన చెప్పుల్ని తిట్టేది, సన్నబడ్డానని మా అమ్మను తిట్టేది. ("నీ తల్లికి కండ్లు లేవా?" అంటే "ఆమె రాప్తాడు దగ్గరుంది అవ్వా" అనేవాణ్ణి. "ఆడ నుంచి కనపడదా!" అనేది.) వారం మొత్తంలో నాతో ఒక మనిషి కడుపునిండా మాట్లాడేది అప్పుడే. అవ్వకు చెప్పాలని వారమంతా మాటలు దాచిపెట్టుకునేవాణ్ణి. తీరా అక్కడికి పోయాక చెప్పే సందు ఆమె ఇచ్చేది కాదు. అయినా నాకు బాగానే ఉండేది.

ఒక ఆదివారం సంచీలో చెనిక్కాయలు వేసుకుని బయలుదేరాను. కాల్చిన చెనిక్కాయలు తినాలని ఉందని అవ్వ అంతకుముందు వారం అన్నది. గుట్ట దిగి ఊళ్లోకి వచ్చేసరికి ఏదో తేడాగా అనిపించింది. ఎప్పుడూ నా వెంటపడే కుక్క రాలేదు. కోడి అరుపు లేదు. అవ్వ తలుపుకు తాళం. పక్కింటికి తాళం, ఆ పక్కింటికీ తాళం. గుంజల దగ్గర బర్రెల్లేవు, అరుగుల మీద మంచాల్లేవు, ఆఖరికి నీళ్ల బిందెలు కూడా లేవు. "అవ్వా!" అని పిలిస్తే నా గొంతే వీధి చివరిదాకా పోయి ఊరికే తిరిగొచ్చింది.

మా వైపు ఇళ్లకు తాళాలు కనిపిస్తే ఎవరైనా అనుకునేది ఒకటే: వలస పోయారు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. కానీ వలస పోయినా ముసలివాళ్లు ఇంటి కాపలాకు ఉంటారు. అవ్వ కూడా పోయిందంటే ఇక ఊరే పోయిందన్నమాట. బెంగళూరులో నెత్తిన ఇసుకతట్టతో అవ్వ, ఆమె తిట్లు తట్టుకోలేక దిక్కులు చూస్తున్న అక్కడి మేస్త్రీ నా కళ్ల ముందు కనిపించారు. వెతుక్కుంటూ పోదామా అంటే ఆమె పేరు కూడా నేను ఎప్పుడూ అడగలేదు. అంత పెద్ద బెంగళూరులో "ఒక అవ్వ, బాగా తిడుతుంది" అని ఎవరినడగాలి? ఫోన్ తీశాను, సిగ్నల్ లేదు. ఉన్నా ఎవరికి చెయ్యాలో తెలియదు. అవ్వ గడప ముందు కూర్చుని ఏడ్చాను. అప్పటికే నాకు మీసాలొచ్చాయి, అయినా గట్టిగానే ఏడ్చాను. వినేవాళ్లు లేరు కదా.

ఏడుపు అయిపోయాక ఆకలేసింది. వాకిట్లో అవ్వ నీళ్లు కాచుకునే మూడు రాళ్ల పొయ్యి ఉంది. నాలుగు కంపపుల్లలు విరిచి మంట పెట్టి, అవ్వ కోసం తెచ్చిన చెనిక్కాయలు అందులో పోశాను. పొగ గాలిలేని ఆకాశంలోకి నిటారుగా లేచింది. నాలుగు కాయలు ఒలుచుకున్నానో లేదో, ఊరి బయట నుంచి పెద్ద అరుపులు వినిపించాయి.

చూస్తే ఊరంతా అక్కడే ఉంది! పొలిమేర రాయి అవతల ఆడా మగా, పిల్లలు, బర్రెలు, కుక్కతో సహా. అందరికంటే ముందు అవ్వ. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు ఊపుతూ "రండి, రండి!" అని పిలిచాను, పెళ్లివారిని పిలిచినట్టు. ఒక్కరూ రాయి దాటలేదు. అక్కడే నిలబడి గంతులేస్తున్నారు.

"ఆర్పురా! మంట ఆర్పురా నీ సైకిల్ పాడుగాను!" అని అవ్వ కేకేసింది. "ఈ పొద్దు అగ్గిపాడు రా! ఊళ్లో అగ్గి ముట్టీగూడదు, మనిషుండగూడదు! బయటికి రా!"

ఆర్పడానికి నీళ్లేవి? బిందెలన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. మన్ను తోడి పోసి, సైకిల్ తోసుకుంటూ బయటికి పరుగెత్తాను. ఏడాదికోసారి మాఘ పున్నమికి ఆ ఊళ్లో అందరూ ఇళ్లకు తాళాలేసి, సామాన్లు, పశువులు తీసుకుని, పొద్దుగూకేదాకా పొలాల అవతలి దర్గా దగ్గర ఉంటారట. ఆ రోజు ఊళ్లో నిప్పు వెలిగితే ఏడాదంతా కీడని నమ్మకం. దర్గా దగ్గర నుంచి నా పొగ చూసి అందరూ పరుగెత్తుకొచ్చారు.

"సాయిబుల పిల్లోనివా నువ్వు?" అని ఊరి పెద్దాయన నా పేరు విని నోరు తెరిచాడు. "దర్గాకు మేం పోతే, నువ్వొచ్చి మా ఇండ్ల కాడ అగ్గి ముట్టిస్తివా!"

"అందురూ వలస పోయినారేమో అనుకొంటి అన్నా" అన్నాను. కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు.

"వచ్చే పున్నానికి మళ్లా ఊరిడవాల్సిందే" అన్నారెవరో. చంకలో కోడి పెట్టుకున్న ఒకామె వెంటనే లేచింది. "మళ్లానా! ఈ మంచాలు, ఈ బర్రెలు మళ్లా ఎవురు మోస్తారు? నా నడుము ఈడనే ఇరిగింది!" ఆమెతో పాటు కోడి కూడా అరిచింది.

పెద్దాయన చెయ్యెత్తాడు. "మన మనిషి ముట్టిస్తే మళ్లా ఇడవాల. దోవన పోయేటోడు తెలీక ముట్టిస్తే మనకంటదు. చెప్పండి, ఈడు ఎవురి మనిషి?"

అందరూ అవ్వ వైపు చూశారు. నేనూ చూశాను. నాకూ ఆ సంగతి తెలుసుకోవాలని ఉంది.

అవ్వ నా వైపు చూడలేదు. "ఎవురి మనిషీ కాడు. దోవన పోయేటోడు" అంది.

ఊరంతా ఊపిరి పీల్చుకుంది. నేనూ బతికిపోయాను, ఎవరూ కొట్టలేదు. దర్గా దగ్గర అందరితో పాటు విస్తరేసి కూర్చోబెట్టారు. అన్నం వడ్డిస్తూ అవ్వ వంగి నా మొహంలోకి చూసింది.

"మొగం ఎందుకట్లా పెట్టుకున్యావు?"

"ఏమీ ల్యా అవ్వా."

"మావోడని చెప్పింటే ఈ బర్రెలన్నీ మళ్లా ఎవురు తోలాల? నువ్వు తోల్తావా?"

"తోల్తా" అన్నాను.

అవ్వ ఇంకో గరిటె అన్నం వేసి పోయింది.

మరుసటి ఏడు పున్నమి దగ్గర పడుతుంటే నేనే మర్చిపోయాను. అవ్వే గుర్తుచేసింది, తిట్టే గొంతుతోనే. "పోయినేడు మాదిరి చేస్తే కాళ్లిరగ్గొడతా. తెల్లారేపాటికి ఈడుండాల. నువ్వు గూడా మాతో పాటు బయటికి రావాల." పనికి సెలవు పెట్టి, చీకటితోనే గాలిమరల కింద నుంచి దిగి వచ్చాను. అవ్వ మంచం ఆమె మనవడు మోశాడు, కోళ్ల గంప నా సైకిల్ క్యారేజీ మీద కట్టారు. ఊరంతా ముందు నడిచింది, గంప జారకుండా పట్టుకుని మెల్లగా నేను ఆఖరున.

పొలిమేర రాయి దగ్గర పెద్దాయన వెనక్కి తిరిగి, "అందురూ దాటినట్టేనా?" అని కేకేశాడు.

"ఉండప్పా, తొందర యాల? మావోడు ఇంగా దాటల్యా" అంది అవ్వ.

అవ్వ ఇప్పుడు లేదు. రాయి ఇవతల సైకిల్ పట్టుకుని నిలబడిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. గంపలో కోళ్లు గోల చేస్తున్నాయి, పెద్దాయన "రారా సామీ, తెల్లారిపోతాండాది" అని అరుస్తున్నాడు. వాడేమో చెప్పు తెగిందని వంగి, తెగని చెప్పును తెగ సర్దుకుంటున్నాడు. దాటేస్తే ఆమె ఆ మాట మళ్లీ అనదు కదా.