బానెట్ మీద బొట్టు

మా అక్క మొగుడు పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను మోచేతులకు కొబ్బరినూనె పట్టిస్తున్నాను. ఆయన్ని తిట్టుకోకుండా ఆ నూనె రాసుకున్న రోజు లేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. ప్రయత్నిస్తాను, హామీ ఇవ్వలేను.

బావ బస్సు డిపోలో మెకానిక్కుగా రిటైరయ్యాడు. పెరట్లో రేకుల షెడ్డు వేసి, పాత జీపు చట్రం మీద సొంతంగా కారు కడతానన్నాడు. దాని ఒళ్లంతా ఫైబరే. ఆ పని నాకొచ్చు. ఎవరూ నేర్పలేదు. సముద్రం పగలగొట్టి పంపిన తెప్పలకు మాట్లు వేస్తూ నేర్చుకున్నాను. కొయ్య తెప్పకు పడ్డ చేప ఫైబర్ తెప్పకు పడదని మా రేవులో ఒక ముసలాయన వాదించేవాడు. చేపల సంగతి అలా ఉంచండి. అచ్చుకు మైనం రుద్ది, గాజుపీచు పరిచి, రెజిన్ జిగురు పూసి, గట్టిపడ్డాక ఊడదీయాలి. మైనం లేనిచోట ఊడదు. పీచు చర్మంలో దిగితే ఒకటే దురద. సాయంత్రాలు బావ నా చేతికి టేపు అంటించి, లాగి, ఆ పీచు తీసేవాడు. తీసినంతసేపూ తిట్టేవాడు. అయినా ఓపిగ్గానే తీసేవాడు.

బానెట్ అచ్చుకు మైనం రుద్ది నేను టీకి వెళ్లొచ్చేసరికి, బావ తడిచేత్తో దాని నడుమ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేశాడు. అక్కడ మైనం పోయింది, తుడిచి మళ్లీ రుద్దుతానన్నాను.

“బొట్టు తుడుస్తావేట్రా? తెప్పలకి మాట్లేసుకునే నీకు కార్ల గురించి ఏటి తెలుస్తాది?”

ఊడదీస్తే బానెట్ అంతా వచ్చింది. బొట్టున్న చోట మాత్రం రూపాయి బిళ్లంత పెచ్చు అచ్చుకే ఉండిపోయింది. నా మైనం నాసిరకమన్నాడు. ఆ చిల్లు తనే పూడ్చాడు. నేను గెలిచానని ఎక్కడ అనుకుంటానో అని, పూడ్చిన చోట ఇంకో బొట్టు పెట్టి, దాని మీద నీళ్లలా తేటగా ఉండే రెజిన్ పోసి బొడిపె చేశాడు. రంగు వెయ్యాలంటే దాన్ని అరగదీయక తప్పదన్నాను.

“దాని మీద సెయ్యేసినావంటే సెయ్యిరగ్గొడతాను.”

అప్పట్నుంచి మా ఇద్దరి మధ్య మాటలన్నీ అటూ ఇటూ అక్కే మోసేది.

ఆ కార్లో అక్కను అరసవల్లి తీసుకెళ్తానని బావ మాటిచ్చాడు. బానెట్ నున్నగా చేసి రంగు వెయ్యడమే మిగిలుండగా పోయాడు. కర్మలయ్యాక అక్క నన్ను పిలిచింది.

“తమ్ముడా, ఆ బండి పూర్తి సెయ్యి. ఒక్కపాలి అరసవల్లి దాకా అందులో ఎల్లొస్తాను.”

దాచడమెందుకు, సంతోషంగానే వెళ్లాను. అడ్డుపడే మొండివాడు లేడు. మూతికి గుడ్డ కట్టుకుని మిషన్ పట్టుకున్నాను. చుట్టూ అరగదీసుకుంటూ బొడిపె దాకా వచ్చాను. మంచినీళ్లు పట్టుకొచ్చి అక్క ఎదురుగా నిలబడింది. కర్మరోజు ఆడవాళ్లంతా చేరి తుడిచేసిన నుదురు, బోసిగా.

మిషన్ ఆపేశాను. గుడ్డ చాటున బావను తిట్టాను. చచ్చి కూడా నెగ్గాడు.

రంగు కూడా ఆ బిళ్లంత మేర వదిలేసే వేశాను. అరసవల్లి దారిలో ఆటోవాళ్లు తమ ఆటోలు ఆపి మరీ చూశారు. ఎండ పడి రెజిన్ కింద కుంకుమ మెరుస్తోంది. ముందు సీట్లో అక్క రోడ్డు చూడలేదు, దాన్నే చూస్తూ కూర్చుంది. నేను మోచెయ్యి గోక్కుంటూ నడిపాను.