ఇస్త్రీ బల్ల దగ్గర పడిన అడుగులు

ఆసుపత్రి కింది అంతస్తులోని లాండ్రీలో డాక్టర్ల తెల్లకోట్లకు ఇస్త్రీ చేసేది ఆమె. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. చిన్నా పెద్దా అందరూ పెద్దమ్మ అనే పిలిచేవారు. వయసు యాభై నాలుగు, బరువు తొంభై ఒక్క కిలోలు. కుర్చీలోంచి లేవాలంటే ముందు రెండు మోకాళ్ళనూ బతిమాలుకోవాలి.

ఆ ఏడాది ఆసుపత్రివాళ్ళు బరువెక్కువున్న సిబ్బందికి చేతికి కట్టుకునే బ్యాండ్లు ఇచ్చారు. రోజంతా వేసిన అడుగుల్ని అదే లెక్కపెడుతుంది. ఎనిమిది వేలు దాటాలని గురి. వారం వారం అందరి లెక్కలూ చూసి, బరువు తూచే పని ఒక నర్సుకు అప్పగించారు.

"నాకెందుకమ్మా ఈ సోకు? ఆవిరికి కాలుతున్నాయని గాజులే తీసేశాను," అంది పెద్దమ్మ.

"ఇది కాలదు పెద్దమ్మా. కట్టుకుని నడవండి, అంతే," అంటూ నర్సు ఆమె కుడి మణికట్టుకు బిగించింది.

మొదటి రోజు ఇంటికెళ్ళి చూసుకుంటే పదమూడు వేల నాలుగు వందలు! ఆమె భర్త బస్సు డ్రైవరుగా చేసి మానుకున్నవాడు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాడు.

"ముప్పై ఏళ్ళు ఊళ్ళన్నీ తిరిగాను. నా చేతికి ఇది కట్టుంటే వంద కూడా పడేవి కావు. నువ్వు ఒక్క గదిలో ఉండి ఊరు దాటేశావే!"

పెద్దమ్మ పొంగిపోయింది. నోటీసు బోర్డు మీద మొదటి వరస ఎప్పుడూ ఆమెదే. మెట్ల దగ్గర కనిపించినవాళ్ళంతా చప్పట్లు కొట్టేవారు. ఇంత నడిచినదాన్ని ఇంకో ముద్ద తింటే ఏమవుతుందిలే అనుకుని, రాత్రి భోజనంలో ఒక వడ్డన పెంచింది కూడా. నెల తిరిగేసరికి బరువు తొంభై రెండున్నర. నర్సు ఆమెను రెండోసారి తూచి, తనూ ఎక్కి చూసుకుంది. తూకం సరిగానే ఉంది.

ఆ ఆదివారం పెద్దమ్మ మొదటిసారి సెలవురోజు కూడా బ్యాండు కట్టుకుని ఇల్లు ఊడ్చి, బజారుకు వెళ్ళొచ్చి, సాయంత్రం బ్యాండు చూసుకుంది. రెండు వేల వంద. ఏదో తేడాగా ఉందని అప్పుడే అనుమానం మొదలైంది. సోమవారం పొద్దున్నే బల్ల ముందు పాదాలు కదపకుండా నిలబడి ఐదు కోట్లు ఇస్త్రీ చేసింది. చూస్తే నాలుగు వందల అరవై అడుగులు పడ్డాయి. ఇస్త్రీ పెట్టె ముందుకూ వెనక్కూ పోయినప్పుడల్లా బ్యాండు దాన్ని ఒక అడుగని రాసుకుంటోంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. శుక్రవారం మీటింగులో మొదట వచ్చినవాళ్ళకు బహుమతిగా మంచి బూట్లు ఇస్తారని కూడా విన్నది. ఆరో కోటు బల్ల మీద పరిచి, మళ్ళీ మడిచి పక్కన పెట్టి, నర్సు గదికి వెళ్ళింది.

"నన్ను ఆ పట్టికలోంచి తీసెయ్యి తల్లీ. నడిచింది నా చెయ్యి. నేను కాదు."

సంగతి విని నర్సుకు నవ్వాగలేదు. పెద్దమ్మ ముఖం చూశాక ఆపుకుంది. "తప్పు నాది పెద్దమ్మా. మీరు చేసే పనేమిటో అడక్కుండానే కట్టేశాను. ఇస్త్రీ చేసేటప్పుడు తీసి పక్కన పెట్టండి. మిగతా టైములో కట్టుకోండి. ఎన్ని వస్తే అన్నే."

లాండ్రీలో రెండు రోజులు వేళాకోళం నడిచింది. "నిలబడి పరుగుపందెం గెలిచింది మా పెద్దమ్మ" అన్నారు. నవ్వేసిందిగానీ ఇంటికొచ్చి ముభావంగా కూర్చుంది.

"పద, నేనూ వస్తాను," అన్నాడు భర్త, చెప్పులు వేసుకుంటూ.

"ఎక్కడికండీ?"

"మలుపుదాకా. ఎక్కువైతే ఆటోలో వద్దాం."

మలుపు రాకముందే మందుల షాపు మెట్టు మీద కూలబడింది. మర్నాడు మలుపు దాటింది. తర్వాత ఆసుపత్రికి ఒక స్టాపు ముందే బస్సు దిగడం మొదలుపెట్టింది, కొన్నాళ్ళకు రెండు స్టాపులు. పెంచిన వడ్డన తగ్గించడమే అన్నిటికంటే కష్టమైంది. పది రోజులు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఆరు నెలలకు రోజూ ఐదారు వేలు పడుతున్నాయి. ఎనిమిది వేలు ఏనాడూ చూడలేదు. బరువు మాత్రం ఎనభై ఆరుకు దిగింది. భర్త పొట్ట ఉన్నచోటే ఉంది.

"నీతోనే నడుస్తున్నానుగా, నాకెందుకు తగ్గలేదు?"

"మీరు వచ్చేది బజ్జీల కొట్టుదాకా. తిరిగొచ్చేటప్పుడు దారంతా నములుతూనే ఉంటారు."

తర్వాతి విడతలో నర్సు ఎవరికి బ్యాండు కట్టినా, మీ పనేమిటని ముందు అడగసాగింది. ఆసుపత్రి వంటగదిలో గరిటె తిప్పే ఆయన దాన్ని మేజోడులో దోపుకోవాల్సి వచ్చింది.

డాక్టరు చెప్పిన బరువు ఇంకా పదకొండు కిలోల దూరంలో ఉంది. వాన పడితే పెద్దమ్మ నడక మానేస్తుంది. రెండు రోజులు వరసగా మానేస్తే ఒళ్ళు బరువెక్కినట్టుంటుంది, మూడో రోజు గొడుగు తీసుకుని బయల్దేరుతుంది.