తూర్పు అంటే మద్దెలే అనుకున్నాను

2022 వేసవి. విజయనగరంలో మా రికార్డింగ్ స్టూడియో అంటే ఒక మేడగది, గోడలకు పాత పరుపులు. భక్తిగీతాలు, షాపుల ప్రకటనలు తప్ప అందులో మరోటి రికార్డు చేసి ఎరగను. అలాంటి చోటికి విశాఖ నుంచి ఒక జాజ్ ఫ్యూజన్ బ్యాండు ఆల్బం చేయడానికొచ్చింది. జాజ్‌ని వేరే సంగీతాలతో కలిపి వాయించడమే ఫ్యూజన్. ఇక చివరి పాటే మిగిలింది.

బ్యాండు పెద్ద ప్రణవ్, శాక్సాఫోన్ వాయిస్తాడు. "దీనికి ఈస్టర్న్ సౌండ్ కావాలండీ, మీకు తెలిసినవాళ్లు ఉన్నారా?" అని ఫోన్ చేశాడు. ఈస్టర్న్ అంటే తూర్పే కదా! మా వైపు తూర్పు అనగానే తూర్పు భాగోతమే, సత్యభామ కథ ఆడే నాటకం. గజపతినగరం దగ్గర్నుంచి మద్దెల అప్పన్నగారిని పిలిపించాను.

మద్దెల చూడగానే ప్రణవ్ మొహం పాలిపోయింది.

"నేనన్నది సితారు లాంటిదండీ!"

ఈ పాట కుదరకపోతే ఆల్బం మొత్తం చెన్నైలో మళ్లీ చేయించుకుంటామని ముందే చెప్పారు. మా స్టూడియో పేరుతో రావాల్సిన మొదటి ఆల్బం అది.

అంత దూరం వచ్చిన పెద్దాయన్ని ఉత్తినే పంపలేక కూర్చోబెట్టాం. హెడ్‌ఫోన్లో క్లిక్ ట్రాక్ పెట్టాను. లయ తప్పకుండా చెవిలో టక్కుటక్కుమనే చప్పుడది. అప్పన్నగారు రెండు దెబ్బలు వేసి ఆపేశారు.

"ఏటి బావూ ఈ టక్కుటక్కు? దీనికి నానేటి జవాబు సెప్పాల? సత్తెబామ అడుగేస్తే కదా మద్దిల పలికేది!"

"ఇప్పుడు సత్యభామని ఎక్కణ్నుంచి తెమ్మంటారు?" అన్నాను.

ఆయన సంచిలోంచి గజ్జెలు తీసి ప్రణవ్ కాళ్లకేసి చూశారు. "ఆ ఊదే బాబుకి కట్టు. వచ్చినకాడ్నించి సూత్తన్నాను, ఊదినప్పుడల్లా కాలు తొక్కుతానే ఉన్నాడు."

ప్రణవ్ పకపకా నవ్వి, కింద కూర్చుని కట్టించుకున్నాడు. నేను క్లిక్ ఆపేశాను.

ఒకరి మైకులోకి మరొకరి చప్పుడు దూరడాన్ని బ్లీడ్ అంటాం. మా పనిలో అదో పాపం. ఆ రోజు గజ్జెలు శాక్సాఫోన్ మైకులోకి, మద్దెల అన్నిట్లోకి దూరాయి. ఆపేద్దామని చెయ్యి చాచాను కానీ మనసొప్పలేదు. ప్రణవ్ అడుగేస్తే మద్దెల ఆటపట్టిస్తోంది. అతను అలిగినట్టు ఊదితే బతిమాలుతోంది.

పాట అయ్యాక అప్పన్నగారు మద్దెల పక్కన పెట్టి, "బాగానే అలిగినావు బాబూ!" అన్నారు. ప్రణవ్ గజ్జెలతోనే వంగి ఆయన కాళ్లకి దండం పెట్టాడు. సితారు మాట మళ్లీ ఎత్తలేదు. ఆల్బంలో మొదటి పాట అదే, పేరు 'తూర్పు'.

ఇప్పుడు ఎవరొచ్చినా మైకు పెట్టేముందు, "మీరు ఎవరికి జవాబు చెప్తూ వాయిస్తారు?" అని అడుగుతాను. వాళ్లని ఎదురెదురుగా కూర్చోబెట్టాకే బటన్ నొక్కుతాను. ఈ ప్రశ్న నేర్పిన అప్పన్నగారికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన నా చెవులకి కూడా ఒక దండం.