కిటికీలు మూసిన సారు

మంగళవారం మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, సైన్సు సారు పోయిండు" అంది. జగదల్‌పూర్‌లో నేను పాఠం చెప్పే తరగతి గది బయట నిలబడి ఉన్నాను. లోపల పిల్లలు నాకోసం చూస్తున్నారు. వాళ్ళ ముందుకు వెళ్ళలేకపోయాను.

గని పనికని సరిహద్దు పల్లె నుంచి దంతెవాడ వైపు వచ్చిన కూలీ కుటుంబం మాది. బడిలో పుస్తకాలన్నీ హిందీ. నాకు వచ్చింది తెలుగు, మా పల్లె వైపు గూడేల్లో మాట్లాడే దోర్లీ కాస్త. ఎవరేమడిగినా తల వంచుకునేదాన్ని. భద్రాచలం నుంచి వచ్చిన సైన్సు సారు మాత్రం ఒకే సంగతిని హిందీలో, గోండీలో, తెలుగులో చెప్పేవారు. అరచేత్తో బోర్డు తుడుస్తూ, "నేను చెప్పిననని నమ్మకుండ్రి. మీరు చూసి నమ్ముండ్రి" అనేవారు.

నా ఆరో తరగతిలో ఒకరోజు, గనిలో పేలుళ్ళకు ముందు వచ్చే సైరన్ మోగగానే మమ్మల్ని మైదానంలోకి తీసుకెళ్ళారు. కొండమీద పేలుడుకు ఎర్రదుమ్ము లేచింది. మేం ఏడు లెక్కపెట్టాక చప్పుడు వినిపించింది.

"దుమ్ము ముందుగాల ఎందుకు కనబడ్డది?" అని అడిగి ఊరుకున్నారు. జవాబు కోసం ఎంతసేపైనా ఆగడం ఆయన అలవాటు.

"వెలుగు ఉరికొస్తది సారూ, సప్పుడు నడుసుకుంట వస్తది" అన్నాను.

బడిలో నేను నోరు విప్పడం అదే మొదలు. పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు. "పుస్తకం రాసినాయన గూడ ఇంత మంచిగ చెప్పలే" అని, గదిలోకి రాగానే ఆ మాటను బోర్డు మీద తెలుగులోనే రాశారు. తర్వాత ఆ ఏడు సెకన్లతో కొండ ఎంత దూరమో లెక్క కట్టించారు. ఇంటికెళ్ళి, ఆ కొండమీదే పనిచేసే నాన్నకు చెబితే, "గంతేనా? అయితే నీకు దగ్గర్నే ఉంటున్న" అని మురిసిపోయాడు.

మరుసటేడు, కొండమీద రాయి జారిపడి నాన్న పోయాడు.

మళ్ళీ బడికి వెళ్ళిన రోజు సైరన్ మోగింది. నా చేతులు చెవుల మీదికి పోయాయి. సారు పాఠం ఆపలేదు. చెబుతూనే వెళ్ళి కిటికీలు ఒక్కొక్కటే మూసి, గొంతు పెంచారు. అయస్కాంతం గురించి అంత గట్టిగా ఎవరూ చెప్పి ఉండరు. మర్నాడూ మూశారు. ఎండాకాలంలో ఉక్కపోతకు పిల్లలు గొణిగితే, "దుమ్మొస్తది" అన్నారు. నేను ఆ బడి దాటేదాకా రోజూ మూశారు. ఆయన మూసింది దుమ్ముకు కాదని నాకు తెలుసు. తెలుసని ఎన్నడూ ఆయనతో అనలేదు.

పోయిన వానాకాలంలో సారు ఫోన్ చేసి, "ఒకసారి రా బిడ్డా, చూడబుద్ధయితాంది" అన్నారు. సెలవులకు వస్తానన్నాను. సెలవులు వచ్చాయి, పోయాయి. నేను వెళ్ళలేదు.

ఇప్పుడు వెళ్ళాను. అప్పటికే దహనం అయిపోయింది. సారు భార్య పక్కన వాకిట్లో కూర్చున్నాను. ఇంతలో సంత నుంచి ఒక ముసలామె గేటు దగ్గరికి వచ్చింది. మనవడికి చదువు చెప్పారని, వారం వారం సారుకు చింతపండు తెస్తుందట. వద్దన్నా వినదట.

"గురూజీ ఉన్నారా?" అని హిందీలో అడిగింది.

సారు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను గేటు వైపు లేచి, మళ్ళీ కూర్చున్నాను. ముసలామె చింతపండు ఉన్న ఆకుదొన్నెను రెండు చేతులా పట్టుకుని, గేటు అవతల ఎండలో, ఆయన వస్తారని అలాగే నిలబడి ఉంది.